షూటింగు వీధిలో ఒక ఖాళీ చోటు

మున్సిపల్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. ట్రాఫిక్ వాళ్ల సంతకం తేవాలి. వీధిలో ప్రతి తలుపూ కొట్టి, ఫలానా రోజు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా బండి పెట్టవద్దని చెప్పాలి. ‘పార్కింగ్ నిషేధం’ కాగితాలు స్తంభాలకు కట్టాలి, చెట్లకు మేకులు కొట్టకూడదు. అంబులెన్సు పట్టేంత దారి వదలాలి. ఎవరి గుమ్మానికీ లైటు స్టాండ్లు అడ్డం పెట్టకూడదు. పెట్టినవాళ్లతో తీయించాలి. తిట్లు పడాలి.

చివరిది ఏ కాగితంలోనూ రాసి లేదు. అయినా పర్మిషనమ్మ దాన్ని కూడా పనుల్లోనే కలుపుకుంది.

ఆ పేరు సినిమావాళ్లు పెట్టింది. ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమే. తండ్రి లారీ డ్రైవరు. “బండి ఎక్కడ ఆపుకోవాలో తెలియక నాకు సగం జన్మ గడిచిపోయింది. ఎక్కడా ఆపొద్దని చెప్పడానికి నీకు ఉద్యోగమిచ్చారు. చదువంటే అదీ” అని అన్నం దగ్గర కూర్చున్నప్పుడల్లా ఆటపట్టించేవాడు.

“ఆయన మాటలకేం గానీ, ఉద్యోగం ఖాయమైందా లేదా, అది చెప్పు” అనేది తల్లి, మిషను కుట్టడం ఆపకుండానే.

ఖాయం కాలేదు. మేనేజరు ముందే తేల్చి చెప్పాడు. “ఈ వీధి పని సాఫీగా అయిందా, నువ్వు మా మనిషివి. కాలేదా, నీ దారి నీది, మా దారి మాది.”

అందుకని ఆమె వీధంతా కాళ్లరిగేలా తిరిగింది. అందరూ గొణిగారు, అందరూ ఒప్పుకున్నారు. కొరకరాని కొయ్యగా మిగిలింది ఒక్క తాతగారే. ఆయన కారు ఆయన గుమ్మం ఎదుట దుమ్ము దుప్పటి కప్పుకుని నిద్రపోతోంది.

“ఒక్క పూటేగా తాతగారూ.”

“పోయినసారీ ఒక్క పూటే. మనవరాలిని రైలెక్కించి వచ్చేసరికి ఎవడో నా చోట్లో బండి పెట్టేశాడు. వాడు మళ్లీ తీసేదాకా నాకు కంటిమీద కునుకు లేదు.”

“అప్పటినుంచీ బండి తీయలేదా?”

“తీస్తే చోటు పోతుందిగా.”

“మరి బజారుకెలా వెళ్తారండీ?”

“నడిచి.”

“అలాంటప్పుడు కారెందుకు?”

“చోటు కాపాడటానికి” అన్నారు తాతగారు, ఇంత చిన్న సంగతి చదువుకున్న పిల్లకు తెలియదా అన్నట్టు చూసి.

చివరికి ఆమె మాటిచ్చింది. “మీ చోట్లో ఎవర్నీ పెట్టనివ్వను. నా మాట నమ్మండి.” ఆయన ఆమెను ఎగాదిగా చూసి తాళాలు ఇచ్చారు. ఇంజను కదలలేదు. లైట్లవాళ్లు ఆ కారును పక్క వీధి ఆటస్థలం దాకా తోసుకెళ్లారు. పిల్లను అత్తారింటికి పంపుతున్నట్టు తాతగారు దాని మీద చెయ్యి వేసి పక్కనే నడిచారు.

షూటింగు నాటి పొద్దున వీధి అద్దంలా ఉంది. డైరెక్టరు వచ్చాడు, ఈ చివరా ఆ చివరా చూశాడు.

“బండ్లేవి?”

“తీయించేశామండీ. మచ్చుకు ఒక్కటి కూడా లేదు” అంది పర్మిషనమ్మ సంతోషంగా.

“హీరోకి బండి పెట్టుకోవడానికి చోటు దొరకదమ్మా. వీధంతా తిరిగి తిరిగి విసిగిపోతాడు. సీనే అది. ఇక్కడ చూడబోతే విమానం దించొచ్చు.”

మేనేజరు ఆమె వైపు చూశాడు. ఆమె తన చెప్పుల వైపు చూసుకుంది. పర్మిషన్ల పనిలో వీధి ఖాళీ చేయించడమే అలవాటు. ఎందుకని అడిగే అలవాటు ఎవరికీ లేదు. మేనేజరు కూడా అడగలేదు. కాకపోతే ఆయన మేనేజరు కనక, చెప్పుల వైపు చూసుకోవలసిన అవసరం రాలేదు.

“పోనీ మళ్లీ పెట్టించండి” అన్నాడు డైరెక్టరు.

మున్సిపల్ ఆఫీసు కాపలాకి పంపిన పార్కింగ్ ఇనస్పెక్టరు ముందుకొచ్చాడు. “నిషేధం కాగితాలు కట్టింది మీరే. బండి ఆగిందంటే జరిమానా రాసేస్తా.”

“షాట్‌లో ఉన్న బండి పార్కింగ్ కిందికి రాదండీ” అంది పర్మిషనమ్మ. “చిత్రీకరణ సామాను కిందికి వస్తుంది. సొంతదారు ఒప్పుకుంటే చాలు. మీ నిబంధనల్లోనే ఉంది.”

ఇనస్పెక్టరు టోపీ సర్దుకున్నాడు. “ఉందనుకుంటా. ఇంతవరకూ ఎవరూ చదవగా చూళ్లేదు.”

ఆమె మళ్లీ తలుపులు కొట్టింది.

“నిన్న తీయమన్నావు, ఇవాళ పెట్టమంటున్నావు. రేపు అమ్మేయమంటావా తల్లీ?” అంది మేడ మీది నర్సమ్మ, తాళాలు వెతుక్కుంటూనే.

“మా బండి తెర మీద కనబడుతుందా? అయితే ఆగు, కడిగి తెస్తా” అన్నాడు మంగలి షాపాయన.

“కడక్కండి బాబాయ్. మురికిగా ఉంటేనే బాగుంటుందట.”

“అలా చెప్పు. మా బావమరిది బండి కూడా తెస్తా.”

చూస్తుండగానే వీధి నిండిపోయింది. తాతగారి కారు మాత్రం రాలేదు. అది తోస్తేగానీ కదలదు, తోసేవాళ్లు లైట్ల పనిలో ఉన్నారు. ఆయన ఆటస్థలంలో దాని పక్కనే కూర్చున్నారు. అలా ఆయన గుమ్మం ఎదుట, బండ్ల వరుసలో ఒక్క చోటు పన్ను ఊడినట్టు మిగిలింది.

“ఆ ఖాళీ భలే ఉంది. హీరో తిరిగి తిరిగి అక్కడ పెడతాడు. ఆనందంతో కిందికి దిగుతాడు” అన్నాడు డైరెక్టరు.

ఆమె మేనేజరును పక్కకు పిలిచింది. “అది ఒకాయన చోటండీ. ఎవర్నీ పెట్టనివ్వనని మాటిచ్చాను.”

“మాట నువ్విచ్చావు, పర్మిషన్ మున్సిపాలిటీ ఇచ్చింది. మధ్యాహ్నం దాటితే అదీ ఉండదు. వెళ్లి తాడు పట్టుకో.”

ఆమె వీధి మొదట్లో అడ్డంగా కట్టిన తాడు దగ్గర నిలబడింది. కెమెరా తిరుగుతోంది. హీరో కారు వీధిని చుట్టి చుట్టి, ఆ ఖాళీలోకి ముక్కు దూర్చింది. సరిగ్గా అప్పుడే తాతగారు తాడు దగ్గరికి వచ్చారు.

“అమ్మాయీ, నా చోట్లో ఎవరో పెడుతున్నారు” అన్నారు. గొంతులో కోపం లేదు. అదే ఆమెకు కష్టంగా తోచింది.

వెనక నుంచి మేనేజరు రెండు చేతులూ ఊపుతున్నాడు, ఆపమని. ఒక్క నిమిషం ఆగండి అంటే తాతగారు ఆగేవారు. ఉద్యోగమూ ఖాయమయ్యేది. కానీ ఆ వీధిలో ఉండేవాళ్లను ఇంటికి పోకుండా ఆపకూడదని పర్మిషన్‌లో ఉంది. ఇచ్చిన మాట ఎలాగూ పోయింది. చదివిన నిబంధనను కూడా పోగొట్టుకోవడం ఆమె వల్ల కాలేదు.

ఆమె తాడు పైకెత్తింది. “మీ ఇంటికి మీరు వెళ్లండి తాతగారూ. ఆపే అధికారం నాకు లేదు.”

“మరి నా చోటు?”

“నేను కాపాడలేకపోయాను. పెట్టినాయన్నే అడగండి.”

తాతగారు తిన్నగా వెళ్లి కారు అద్దం మీద వేలితో కొట్టారు. హీరో అద్దం దించాడు.

“ఏం నాయనా, చూస్తే మర్యాదస్తుడిలా ఉన్నావు. అడక్కుండా పెట్టేయడమేనా?”

హీరో డైరెక్టరు వైపు చూశాడు. కానివ్వమని డైరెక్టరు చెయ్యి తిప్పాడు.

“ఖాళీగా ఉంటే పెట్టానండీ.”

“నేను లేకపోతే ఖాళీయేనా? నువ్వు కుర్చీలోంచి లేచి మంచినీళ్లు తాగొచ్చేలోగా నేను కూర్చుంటే ఊరుకుంటావా?”

“పెద్దవారు కదా, కూర్చోనిస్తానండీ.”

“నేనంత మంచివాణ్ని కాదు. తియ్యి.”

హీరో బండి వెనక్కి తీసి, మళ్లీ వీధి చుట్టడానికి వెళ్లిపోయాడు. తాతగారు ఆ ఖాళీ నడిమధ్యకు వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని, కారు ఆగినట్టే ఆగి నిలబడ్డారు.

చాలాసేపటికి గానీ డైరెక్టరు కట్ చెప్పలేదు. చెప్పాక కళ్లు తుడుచుకున్నాడు, నవ్వు ఆపుకోలేక.

“ఈయన్ని ఎవరు పంపారు?”

“నేనేనండీ” అంది పర్మిషనమ్మ. మేనేజరు కళ్లు మూసుకున్నాడు.

“చోటు దొరికితే సీను చప్పగా చచ్చిపోతోందని మొదట్నుంచీ నా బాధ. దొరికిన చోటు పోవాలన్నమాట” అన్నాడు డైరెక్టరు. పర్మిషన్ గడువు ముగిసింది. ఇనస్పెక్టరు వచ్చి స్తంభాలకున్న కాగితాలు తనే విప్పడం మొదలుపెట్టాడు.

మేనేజరు ఆమె దగ్గరికొచ్చాడు. “నువ్వు మా మనిషివే, సరేనా? ఇకమీద మాటిచ్చే ముందు నన్నడుగు. సీనేమిటో నేను వాళ్లనడుగుతా.”

కారు తోసుకొచ్చి యథాస్థానంలో నిలిపాక తాతగారు, తనను సినిమాలో చూపించుకోవచ్చని ఒప్పుకునే కాగితం మీద సంతకం పెట్టారు.

“సినిమా మొదటి ఆటకు మీరు తప్పకుండా రావాలి” అందామె.

“కారు తీయాలా?”

“అక్కర్లేదు. మేమే బండి పంపిస్తాం.”

“ఎక్కడ ఆపుతారు దాన్ని?” అన్నారు తాతగారు అనుమానంగా.

ఆయన రాలేదు. సినిమా అయితే వచ్చింది. మీరెప్పుడైనా చూస్తే, హీరో బండి వెనక్కి తీసుకుని పోయేటప్పుడు మీ చూపును దాని వెంట పోనివ్వకండి. చివర్లో వేసే పేర్లలో ఆయన పేరు లేదు. కాబట్టి ఆ కాస్త చోట్లో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ పెద్దాయన్ని మీరే గుర్తుపెట్టుకోండి.