పూడ్చిన మూడు కన్నాలు

పోటీలో ఆమె కట్టిన బుల్లి రాకెట్టు అందరి రాకెట్లకన్నా పైకెగిరి, గొడుగు విప్పుకుని దిగింది. మైదానమంతా చప్పట్లు. తీరా చూస్తే, దాని కడుపులోని ఎత్తు కొలిచే మీటరు సున్నా చూపిస్తోంది! సున్నాకి బహుమతి ఎవరిస్తారు?

ఆమె రాకెట్టు గొట్టాన్ని తడిమింది. బయటి గాలి లోపలికి తగిలితేనే మీటరుకు ఎత్తు తెలిసేది. అందుకోసం తాను కొలిచి మరీ వేసిన మూడు కన్నాలూ మాయం! వాటి చోట పంటి సిమెంటు నిగనిగలాడుతోంది.

ఆమె చూపు పళ్ళ డాక్టరైన మొగుడి మీద పడింది.

“ఏమండీ! కన్నం కనబడితే పూడ్చకుండా ఉండలేరా?”

“కొత్త గొట్టానికి కన్నాలేంటని... చెయ్యి ఊరుకోలేదే. పాలిష్ కూడా పెట్టాను.”

“ముక్కు మూసేసి వాసన చెప్పమన్నట్టుంది! కన్నం వేసే దొంగల గురించి విన్నాను గానీ, కన్నం పూడ్చే దొంగని ఇప్పుడే చూస్తున్నా!”

ఇంకొక్కసారి ఎగరేయొచ్చని మైకులో చెప్పారు. ఆమె డ్రిల్లు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

“తవ్వండి!”

అతను గొట్టాన్ని ఒళ్ళో పెట్టుకుని, అలవాటు కొద్దీ, “నొప్పేం ఉండదమ్మా,” అన్నాడు.

“దానికుండదు. మళ్ళీ సున్నా వచ్చిందంటే మీకుంటుంది!”