మంద కట్టిన వాన

పెద్దకడుబూరు పక్క పల్లెల్లో గొర్రెల మందను వంతుల ప్రకారం చేలల్లో ఆపుతారు. ఈరోజు ఒకరి చేను, రేపు ఇంకొకరిది. భూమికి ఎరువు పడుతుంది కాబట్టి కాపరికి జొన్నలు కొలిచి ఇస్తారు. సెనోవారాను కూడా మావాళ్లు అట్లే తిప్పినారు. జొన్నలు మాత్రం ఇయ్యలేదు.

బర్మాలో ఇల్లు తగలబెడితే పారిపోయి వచ్చిన మనిషి ఆమె. మొగుడు దారిలోనే పోయినాడు. ఆదోనిలో ఒక పత్తి మిల్లులో పనికి కుదిరితే, ఆధార్ లేదని వెళ్లగొట్టినారు. శరణార్థి కార్డు చూపిస్తే రేషన్ డీలరు అటూ ఇటూ తిప్పి, "ఇది ఈడ పనికిరాదమ్మా" అన్నాడు. ఆరేళ్ల కూతురు ముస్రత్‌ను ఎత్తుకొని మా ఊరికి కూలికొచ్చింది. వాళ్లతోపాటు వాళ్ల దేశపు వాన కూడా వచ్చింది. రోజూ మధ్యాహ్నం మూడు గంటలకు వాళ్ల గుడారం చుట్టూ ఎకరా మేర జోరున కురిసేది. పక్క ఎకరాలో దుమ్ము లేచేది. ఇదేం వింత అని ఎవరూ అడగలేదు. తన వంతు ఎప్పుడని మాత్రం అందరూ అడిగినారు.

గుడారం ఏ రోజు ఎవరి చేన్లో వేయాలో వంతులు తేల్చింది పెద్దమనిషి నరసన్న. ఎవరి చేను తడిస్తే వాళ్లింట్లో మిగిలిన రొట్టె ఆ తల్లీబిడ్డలకు. మిగలకపోతే అదీ లేదు. పత్తి మోకాలు దాటింది, బిడ్డ పుల్లయిపోయింది. చిల్లులుపడ్డ గుడారం మీదికి ఒక టార్పాలిన్ పట్ట ఇచ్చిన పుణ్యాత్ముడు లేడు. థూ, ఏం బతుకులప్పా మనవి!

ముస్రత్‌కు దగ్గు పట్టింది. దగ్గి దగ్గి కళ్లు తేలేసేది. సెనోవారా వచ్చి నరసన్న వాకిట్లో కూర్చుంది. మిల్లులో నేర్చిన నాలుగు ముక్కల తెలుగే ఆమెకు దిక్కు.

"అన్నా, పాప సచ్చిపోతాది. పొడి జాగా ఇయ్యి. నేను చేన్లో ఉంటా. వాన మీకే."

"ఉండనీలేబ్బా, పసిది. తల్లి చేన్లో ఉంటే మనకేం నష్టం?" అంది నరసన్న పెండ్లాం నాగమ్మ.

నాగమ్మ పిల్లకు పొడి గౌను తొడిగి, వేడి గంజి తాపి, బొంతలో పండబెట్టింది. ప్రేమగానే చేసింది, ఆ మాట కూడా చెప్పాల. సెనోవారా నరసన్న చేన్లో ఒంటరిగా కూర్చుంది.

మూడైంది. చేన్లో ఒక్క చినుకు పడలేదు. నరసన్న మిద్దె మీద మాత్రం దబదబా కురిసింది. వాన తల్లిది కాదు, పిల్లదని అప్పుడు తెలిసింది ఊరికి. "ఇన్నాళ్లూ తల్లికి రొట్టె దండగ చేస్తిమి గదప్పా!" అన్నాడు పక్క చేను కాశప్ప.

మూడు రోజుల్లో దగ్గు తగ్గింది. ముస్రత్ నవ్వింది కూడా. నాలుగో రోజు కాశప్ప వంతు. పిల్లను పంపమని వచ్చినాడు. సెనోవారా గడపకు అడ్డం కూర్చుంది.

"పంపను. మేము యాడికన్నా పోతాం."

కాశప్ప నరసన్న మొహం చూసినాడు. "ఆ యమ్మ పోతే వానా పోతాది గదన్నా."

నరసన్న లోపలికి పోయి పోలీసులకు ఫోన్ చేసినాడు. కాగితాలు లేని విదేశీ మనిషి ఒకామె ఊర్లో ఉంది, వచ్చి తీసుకపోండి అన్నాడు.

జీపు వచ్చింది. ఆమె కార్డు తీసి చూపించింది. వాళ్లు చేతిలోకి కూడా తీసుకోలేదు.

"ఒక్కతేనా?" అని అడిగినాడు కానిస్టేబుల్.

"ఒక్కతే సార్," అన్నాడు నరసన్న.

"మరి ఆ పిల్ల?"

"నా మనవరాలు సార్," అంది నాగమ్మ, ముస్రత్‌ను నడుముకు అదుముకొని.

"ఏడుస్తాందే?"

"జీపంటే భయం సార్."

సెనోవారా నేల మీద పడి దొర్లింది, నా బిడ్డ నా బిడ్డ అని గొంతు పగిలేటట్టు అరిచింది. చుట్టూ చేరిన మావాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చినారు. ఇద్దరు పోలీసులు పట్టి జీపులో వేసుకొని పోయినారు.

"టైమవుతాంది, రాండి రాండి," అని కాశప్ప తొందరపెట్టినాడు. పిల్లను భుజాన వేసుకొని పోయి చేను నడిమధ్య కూర్చోబెట్టి, లేచి పోకుండా కాలికి మేకతాడు కట్టినాడు. మూడుకు వాన దిగింది. పిల్ల దగ్గుతానే ఉంది. మావాళ్లు గొడుగులు పట్టుకొని గట్టు మీద నిలబడి, భూమికి పదును బాగా దిగిందని సంతోషపడినారు.