పంటితో పట్టే వల

కవ్వ అరచెయ్యంత కూడా ఉండని చేప, కానీ దాని అనుమానం మాత్రం ఏనుగంత. మనిషి నీడ నీటిమీద పడితే చాలు, గుంపుకు గుంపే తిరిగిపోతుంది. అందుకే కవ్వలు పట్టేవాళ్ళు ఎండకు ఎదురుగా నిలబడతారు. నీళ్ళ కింద నల్లటి మరక కదిలితే దానిమీద కాదు, దానికి బారెడు ముందుకు వల విసరాలి. సీసపు గుళ్ళు కట్టిన అంచును రెండు చేతులా సర్దుకుని, ఆ అంచు నడిమి భాగాన్ని ముందుపళ్ళతో పట్టుకోవాలి. చేతులు వదిలిన క్షణంలోనే పళ్ళూ వదలాలి. అప్పుడే వల గుండ్రంగా విచ్చుకుంటుంది.

గయ్యాళికి ఇదంతా నేర్పింది ఆమె మొగుడు. అందరూ ఆమెను గయ్యాళి అనే పిలిచేవాళ్ళు, ఆమె ఆ పేరుకే పలికేది. మొగుణ్ణి సముద్రం మింగాక, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దగ్గర అతను నిలబడే బండమీద ఆమె నిలబడింది. ఆ బండకు కాగితాలేం లేవు. రోజూ అక్కడ కవ్వలు తీసినవాళ్ళదే అది. వరుసగా మూడు రోజులు తీయకపోతే ఇంకెవరైనా ఎక్కొచ్చు.

మరిది కన్ను ఆ బండమీదే.

"దిగు వదినా. ఆడదాని చేతిలో వల చూస్తే చేపలు కూడా నవ్వుతాయి."

"నవ్వనీలే మరిదీ. నోరు తెరిచిన చేపని పట్టడం ఇంకా తేలిక."

చుట్టుపక్కల వలలవాళ్ళు గొల్లుమన్నారు. ఆ నవ్వు అతని తలకెక్కింది. పక్కనే కట్టిన తన పడవలోని తెడ్డు లాగి, పిడితో ఆమె మూతిమీద పొడిచాడు. ఎక్కడ పొడవాలో తెలిసే పొడిచాడు. ముందుపళ్ళు మూడు బండమీద రాలాయి.

ఇంట్లో అత్త ఉప్పునీళ్ళ చెంబు అందించింది. పొడిచినవాడు ఆ ముసలిదానికి మిగిలిన ఒక్కగానొక్క కొడుకు.

"నాకే గనక పళ్ళుంటే పీకి నీకిచ్చేదాన్నే. దేవుడు అవీ ఉంచలేదు."

"నీ కొడుకుని ఉంచాడుగా" అంది కోడలు, రక్తం ఉమ్మి.

అత్త చెంబు మళ్ళీ నింపింది.

రెండు రోజులు మూతి వాచి మంచినీళ్ళు కూడా దిగలేదు. మూడో రోజు పొద్దున్నే ఆమె బండెక్కింది. మరిది పక్కనే మొలలోతు నీళ్ళలో నిలబడ్డాడు. ఈ పొద్దు గడిస్తే బండ తనదే.

ఆమె వల అంచును దవడపళ్ళ కింద ఇరికించి విసిరింది. అంచు పెదవి మూల చీల్చుకుంటూ పోయింది. వల ముద్దగా పడింది.

"గోనెసంచి విసిరావా వదినా?"

ఆమె మళ్ళీ కరిచింది. ఈసారి నోటి నిండా రక్తం, కానీ వల విచ్చుకుంది. కింద కవ్వలు తళతళా కొట్టుకున్నాయి. అది చూసి మరిది ఒక్క ఉదుటున వచ్చాడు, అంచు ఎత్తి చేపల్ని వదిలేద్దామని. అతను వంగీ వంగగానే ఆమె బండమీంచి అతని వీపుమీదికి దూకింది. గుప్పెడు సీసపు గుళ్ళు పట్టి కణతమీద మోదింది. చర్మం చిట్లింది, నీళ్ళు ఎర్రబడ్డాయి. వల అతని మెడకు చుట్టుకుంది. ఆమె మోకాలితో అదిమి ముంచింది, లేవనిచ్చింది, మళ్ళీ ముంచింది. ఇంటి గొడవ కదా అని వలలవాళ్ళెవరూ అడ్డుపడలేదు.

అత్త కత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"కొయ్యకు అత్తా! వల కోస్తే కవ్వలు పోతాయి. కవ్వలు పోతే బండ పోతుంది."

"అమ్మా, కొయ్యవే!" అన్నాడు కొడుకు. వలలోని కవ్వలు అతని కళ్ళమీదే కొట్టుకుంటున్నాయి.

తల్లి వాణ్ణి చూసింది. కోడలి నోరు చూసింది. కత్తి నడుముకు దోపుకుంది.

"అందరికీ వినపడేలా చెప్పు. బండ ఎవరిది?" అంది కొడుకుతో.

అతను పళ్ళు బిగించాడు. ఒక అల మీదుగా పోయింది. కోడలి మోకాలు కదల్లేదు.

"చెప్పకు పో. కొడుకులిద్దరూ సముద్రంలోనే పోయారని ఏడుస్తా. ఏడుపు నాకు కొత్త కాదు."

ఇంకో అల పోయింది.

"వదినదే... వదినదేనే అమ్మా!"

ఇద్దరాడవాళ్ళూ వలని, అందులో అతన్నీ, ఒడ్డుకు ఈడ్చారు. అతను ఇసుకలో పడి ఉప్పునీళ్ళు కక్కుతున్నాడు. అత్త బుట్ట పట్టింది. కోడలు చిక్కులు విడదీస్తూ ఒక్కో కవ్వనీ అందులో వేసింది.

"ముందు నన్ను తియ్యండే" అన్నాడు.

"ఆగరా" అంది తల్లి. "నువ్వు మెత్తబడవు. కవ్వలు మెత్తబడతాయి."