పేర్ల పట్టీ

రెండు క్యారియర్లు సర్ది, అంట్లు తోమి, అత్తగారికి నీళ్లు తోడేసరికి రామతులసి వేళ్లు నాని ముడతలు పడ్డాయి. ఆ వేళ్లతోనే తొమ్మిదింటికల్లా మాచర్ల దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలో కంప్యూటరు ముందు కూర్చోవాలి. మొగుడు పాండురంగారావుదీ అదే ఆఫీసు, అదే బస్సు. అతను చేతులూపుకుంటూ ముందు నడుస్తాడు. రెండు క్యారియర్లూ ఆమె మోస్తుంది.

క్వారీలో ఎంత రాయి తీశారో, ఎన్ని లారీలు తిరిగాయో నెలనెలా రిపోర్టు తయారుచేయడం ఆమె పని. కిందటేడు ఆఫీసులోని మూడు కంప్యూటర్లనూ తీగతో కలిపారు. అప్పట్నించీ పాండురంగారావు పక్కగదిలో కూర్చునే ఆమె కంప్యూటరులోకి వచ్చి, రిపోర్టు తీసుకుని, కింద తన పేరు వేసి మేనేజరుకిస్తున్నాడు. ఈ నెల రిపోర్టు చూసి సెక్షన్ ఇన్‌చార్జిని వేస్తామన్నారు. ఈసారికి తన పేరు ఉండనీయమని పొద్దున బస్సులో అడిగింది.

"ఎవరి పేరైతే ఏందే? మొగుడి దగ్గర దాపరికమా?" అన్నాడు.

దాపరికం. కాపురానికొచ్చి తొమ్మిదేళ్లు, ఆ మాట వింటూనే ఉంది. పెట్టెకు తాళం వేసుకుంటే, ఇంట్లో దొంగలెవరున్నారు తల్లీ అంది అత్త నాగేంద్రమ్మ. తాళం తీసేసింది. అమ్మ రాసిన ఉత్తరం ఇంటిల్లిపాదీ చదివాకే తన చేతికొచ్చేది. కోపం రావలసిందే. కోపానికైనా ఓపిక ఉండాలిగా.

కంప్యూటరులోకి ఎవరెవరు రావచ్చో చెప్పే పేర్ల పట్టీ ఒకటుంటుందని హైదరాబాదు ట్రైనింగులో నేర్పారు. రిపోర్టు ముగించి ఆ పట్టీ తెరిచింది. రెండే పేర్లు, మేనేజరుదీ మొగుడిదీ. ఎవరిని ఆపాలో ఆ పేరు పూర్తిగా టైపు కొట్టమంది కంప్యూటరు.

వేళ్లు ఆగాయి. మొగుడి పేరు ఆమె ఏనాడూ పలకలేదు. రేషను షాపులో అడిగితే పక్కావిడ చేత చెప్పించేది, ఆసుపత్రిలో అడిగితే చీటీ చూపించేది. పైకి చదువుకుంటూ కొడితేగాని ఆమెకు టైపు సాగదు. ఒక్కో అక్షరం పెదవి మీదకొచ్చింది. పాండురంగారావు. ఏమీ కాలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

కాసేపటికి అతను గుమ్మంలోకొచ్చాడు.

"ఏమే, నీ మిషను చెడినట్టుందే. నన్ను లోపలికి రానీయడంలా."

రామతులసి తన పేరుతో అచ్చయిన రిపోర్టును ప్రింటరులోంచి చించి, మేనేజరు గదికి పోవడానికి లేచింది.

"చెడలేదండీ. ఇకనించి ఏం కావాలన్నా నన్నడగండి."