తెర వెనక కోనసీమ

పొద్దున ఏడింటికి దేవమ్మ ఎనిమిదో కట్ట విప్పింది. ఎర్ర కాడ గోంగూర. ఆకు తుంచి తట్టలో వేస్తోంది, కాడలు కాళ్ల పక్కన పడేస్తోంది. తుంచేటప్పుడు ఆకు వంక చూడదు. పురుగు పట్టిన ఆకు వేళ్లకే తెలుస్తుంది. మధ్యమధ్య ఎడమ భుజం పట్టుకుని నొక్కుకుంటోంది. రాత్రి నుంచి అక్కడ నొప్పి. గ్యాస్ అనుకుని వాము నమిలింది.

మెస్ ఫిల్మ్‌నగర్‌లో, ఒక డబ్బింగ్ స్టూడియో వెనక సందులో ఉంది. మురుగు కాలువ మీద వేసిన బండ దాటి లోపలికి రావాలి. రేకుల కప్పు, ఏడు బల్లలు. వాటిలో రెండింటికి కాళ్ల కింద ఇటుక ముక్కలు. చేతులు కడుక్కునే కుళాయికి గుడ్డ చుట్టి ఉంటుంది. మొదటిసారి వచ్చినవాళ్లు గుమ్మంలో ఆగి, తమను తీసుకొచ్చినవాడి మొహం చూస్తారు. ఇక్కడా అన్నట్టు. అరగంట తరవాత వాళ్లే వేళ్లు నాకుతూ మళ్లీ కూర అడుగుతారు. మరుసటి వారం ఇంకొకరిని తీసుకొస్తారు, గుమ్మంలో అతను ఆగితే నవ్వుతారు. జూబ్లీహిల్స్ నుంచి వచ్చే కార్లు సందులో పట్టవు. మెయిన్ రోడ్డు మీద ఆపుకుని నడిచి వస్తారు.

బోర్డు మీద "కోనసీమ అమ్మ చేతి భోజనం" అని ఉంది. యజమాని కాశీవిశ్వనాథం అమలాపురం పక్క ఊరివాడు. ఆ అమ్మ ఎవరండీ అని ఎవరైనా అడిగితే, హాలుకీ వంటగదికీ మధ్య వేలాడే పూల కర్టెన్ వైపు చెయ్యి చూపిస్తాడు. "ఆవిడ బయటికి రారండి. మొహమాటం."

కర్టెన్ వెనక ఉన్నది దేవమ్మ. ఆమె పుట్టింది ఈ పక్కనే ఉన్న షేక్‌పేటలో, మెట్టింది షేక్‌పేటలో. యాభై ఎనిమిదేళ్లలో గోదావరి చూడలేదు.

పంతొమ్మిదేళ్ల కిందట గిన్నెలు తోమడానికి చేరింది. అప్పటి వంటావిడది రావులపాలెం. ఆ నెలలోనే కూతురి పురిటికని వెళ్లి తిరిగి రాలేదు. రెండు రోజులు మెస్ మూసేశారు. మూడో రోజు దేవమ్మే పొయ్యి వెలిగించింది. ఆ మధ్యాహ్నం గోంగూర రొయ్యలు తిన్న డబ్బింగ్ ఆర్టిస్టు ఒకాయన చెయ్యి కడుక్కోకుండానే లేచి, "ఎవరిదండీ ఈ చెయ్యి?" అని అడిగాడు. కాశీవిశ్వనాథం ఆలోచించకుండా "మా ఊరావిడేనండి" అన్నాడు. ఆయన వెళ్లాక లోపలికొచ్చి, "దేవమ్మా, జనం ఉన్నప్పుడు నోరు విప్పకు. నీ మాట చెవిన పడితే నా బోర్డు పడిపోద్ది" అన్నాడు. అప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ రోజు నుంచి కర్టెన్ వెనక మాట లేదు. గరిటెతో గిన్నె అంచు మీద ఒకసారి కొడితే అన్నం దిగిందని. రెండుసార్లు కొడితే కూర అయిపోయిందని. ఇంట్లో పుంటికూర అనేదాన్ని ఇక్కడ గోంగూర అనడం నేర్చుకుంది. ఇక్కడ మాట్లాడేదే తక్కువ కనక ఆ మాట కూడా ఎక్కువసార్లు అనాల్సిన పని పడలేదు.

ఈ రోజు వీడియో తీసేవాళ్లు వస్తున్నారు. ఊళ్లోని ఇలాంటి చిన్న మెస్‌లు వెతికి చూపిస్తారట. లక్షల మంది చూస్తారట. ఆ సంగతి దేవమ్మకు మనవరాలు హిమజ చెప్పింది. హిమజ ఇంటర్ రెండో ఏడు. కాలేజీలో పిల్లలు ఈ మెస్ కూర తెప్పించుకుని తింటుంటే, వండేది మా అమ్మమ్మే అన్నది. వాళ్లు నవ్వారు. కోనసీమావిడ వండుతుంటే షేక్‌పేట అమ్మమ్మ ఎక్కడినుంచి వచ్చిందే అన్నారు. అప్పటినుంచి హిమజను "కోనసీమ" అని పిలుస్తున్నారు.

"వీడియోల నువ్వు కనవడాలె అమ్మమ్మా. ఒక్కసారి కనవడితే సాలు. మిగతాది నేన్ జూస్కుంట" అని రాత్రి పడుకోబోతూ చెప్పింది.

ఎనిమిదింటికి కాశీవిశ్వనాథం రొయ్యల సంచీతో వచ్చాడు. దేవమ్మ చేతులు చీరకు తుడుచుకుని లేచి నిలబడింది.

"సారు, ఒక్క మాట."

"చెప్పు."

"ఇయ్యాల ఆళ్లొచ్చినప్పుడు నేను నిలవడ్త. మాట్లాడ సారు. పొయ్యి కాడ నిలవడి గరిటె తిప్పుత, గంతే."

కాశీవిశ్వనాథం సంచీ కింద పెట్టాడు. "నువ్వు మాట్లాడకపోతే వాళ్లు మాట్లాడిస్తారు. వాళ్ల పనే అది. నువ్వొకసారి గిట్ల, గట్ల అన్నావనుకో, నా కోనసీమ మొత్తం హుస్సేన్‌సాగర్లో కలిసిపోద్ది."

"పిల్ల అడిగింది సారు."

"పిల్లకి ఇంకేదైనా చేద్దాంలే. మా వదిన్ని రమ్మన్నాను. ఆవిడ నిలబడతారు. కాస్త నేర్పించు." కర్టెన్ దాటబోతూ ఆగాడు. "చూడు, నీ వంటని తక్కువ చెయ్యట్లేదు. నా నోటితో ఎప్పుడైనా తక్కువ చేశానా?"

చెయ్యలేదు. ఆమె ఎదుట ఎన్నడూ చెయ్యలేదు. దేవమ్మ రొయ్యల సంచీ విప్పింది.

వదిన శారదాదేవి పదింటికి మధురానగర్ నుంచి ఆటోలో దిగింది. ఆకుపచ్చ పట్టుచీర, జడలో మల్లెలు. వంటగదిలోకి అడుగు పెట్టి చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుంది.

"అమ్మో, ఇందులో ఎలా ఉంటున్నావమ్మా పంతొమ్మిదేళ్లు?"

"అలవాటైంది అమ్మా."

"నాకు గరిటె పట్టుకుంటేనే భయం. మా ఇంట్లో వంట మా ఆయన చేస్తారు." తనే నవ్వింది. "సరే, చెప్పు. ఏం తిప్పాలి, ఏం అనాలి?"

దేవమ్మ చెప్పింది. ఆకు మూత పెట్టకుండా వేయించాలి. మూత పెడితే నల్లబడుతుంది. దాని నీళ్లు దానిలోనే ఇగరాలి. రొయ్యలు వేరే మూకుడులో. ఆఖరున వేయించిన నువ్వుల పొడి, గుప్పెట్లో సగం. అదే ఈ కూర చిక్కదనం. రావులపాలెం ఆవిడ వెయ్యలేదది. దేవమ్మ తల్లి వేసేది.

శారదాదేవి అన్నింటికీ తలూపింది. "అమ్మా, అన్నం వార్చడం అంటే ఏంటో తెలుసు గానీ ఇదంతా గుర్తుండదు. వాళ్లేమన్నా అడిగితే చిరునవ్వు నవ్వుతాను" అంది. ఆమె మీద దేవమ్మకు కోపం రాలేదు. భుజం నొప్పి మెడ దాకా వచ్చింది. దాని మీదే మనసుంది.

పదకొండింటికి వీడియోవాళ్లు వచ్చారు. మాట్లాడే అమ్మాయి లాస్య. కెమెరా పట్టుకున్నవాడు సిద్ధార్థ. బండ దాటుతూ కాలువను, ఇటుక ముక్కల బల్లను, గుడ్డ చుట్టిన కుళాయిని తీశారు. "ఈ గుమ్మం చూసి వెనక్కి వెళ్లిపోకండి" అని లాస్య కెమెరాకు చెప్పింది. కర్టెన్ తీసి పక్కకు కట్టారు. ఇన్నేళ్లలో దాన్ని కట్టడం అదే మొదటిసారి. వంటగదిలో వెలుతురు పడింది. దేవమ్మ వెనక మూలకు జరిగి తట్ట ముందు కూచుంది.

శారదాదేవి పొయ్యి ముందు నిలబడి గరిటె తిప్పింది. బాగానే తిప్పింది. ఏ ఊరండీ అంటే చెప్పింది. ఎన్నేళ్ల నుంచి అంటే కాశీవిశ్వనాథం వైపు చూసి "పంతొమ్మిది" అంది. లాస్య గరిటెతో కొంచెం కూర అరచేతిలో వేసుకుని తిన్నది. మళ్లీ కొంచెం వేసుకుంది.

"అమ్మా, గోంగూర రొయ్యలు చాలా చోట్ల తిన్నాను. ఈ చిక్కదనం ఎక్కడా లేదు. ఏం వేస్తారు ఇందులో?"

శారదాదేవి చిరునవ్వు నవ్వింది. లాస్య కదల్లేదు. కెమెరా కూడా కదల్లేదు.

"కొబ్బరండీ" అంది శారదాదేవి. "కోనసీమ కదా. కొబ్బరి రుబ్బి వేస్తాం."

"కొబ్బరి కాదు, నువ్వుల పొడి!" మూల నుంచి గొంతు వినిపించింది. "పుంటికూరల కొబ్బరెట్ల కలుస్తది? ఇరిగిపోదా!"

అన్నాక దేవమ్మకు తెలిసింది ఆ మాట పైకే అన్నానని. కూర పాడయ్యే మాట చెవిన పడేసరికి ఆమె గొంతు ఆమె మాట వినలేదు.

లాస్య వెనక్కి తిరిగింది. సిద్ధార్థ కెమెరా కూడా తిప్పాడు.

"పుంటికూరా?" లాస్య రెండడుగులు వేసి ఆమె ముందు గొంతుక్కూచుంది. "మా నానమ్మ అనేది ఆ మాట. మీది ఏ ఊరమ్మా?"

"గీడనే. షేక్‌పేట."

"నువ్వుల పొడి సంగతి మీకెలా తెలుసు? మీరేనా వండేది?"

పొద్దున్నుంచి, రాత్రి నుంచి, దేవమ్మ ఈ ఒక్క ప్రశ్న కోసమే చూస్తోంది. కాశీవిశ్వనాథం కర్టెన్ గుడ్డ పట్టుకుని నిలబడి ఉన్నాడు. తల అడ్డంగా ఊపలేదు, ఉరిమి చూడలేదు. ఊరికే చూస్తున్నాడు. శారదాదేవి గరిటె పట్టుకుని, తప్పు చేసిన పిల్లలా నిలబడి ఉంది. కెమెరా మీద ఎర్ర దీపం వెలుగుతోంది. హాల్లో అప్పుడే ఇద్దరు గిరాకీలు వచ్చి కూచున్నారు.

"లేదమ్మా" అంది దేవమ్మ. "నేను గిన్నెలు తోముత."

లాస్య ఒక్క క్షణం ఆమె చేతులు చూసింది. వేళ్లకు గోంగూర పసరు ఉంది. లేచి, "సిద్ధూ, ఇది కట్ చేసేద్దాం. అమ్మగారూ, మళ్లీ చెప్పండి, ఏం వేస్తారు?" అంది.

"నువ్వుల పొడి" అంది శారదాదేవి.

పన్నెండున్నరకు బల్లలు నిండాయి. కర్టెన్ మళ్లీ దిగింది. దేవమ్మ రెండు గుండిగల అన్నం దించింది. గరిటె దెబ్బ ఒకసారి, మళ్లీ ఒకసారి. రొయ్యలు రెండోసారి వేయించింది. అవతల ఎవరో కొత్తవాడు, "ఒరేయ్, ఈ కొంపలో ఈ కూరేంట్రా!" అంటున్నాడు. పక్కవాడు, "కోనసీమ చెయ్యిరా బాబూ, ఊరికే వస్తుందా" అంటున్నాడు. ఆమె నుదుటి మీద చెమట పట్టింది. పొయ్యి వేడి అనుకుంది.

రెండింటికి హిమజ ఫోన్ చేసింది.

"అమ్మమ్మా, తీసిండ్రా?"

"తీసిండ్రు."

"నువ్వు కనవడ్డవా?"

దేవమ్మ పొయ్యి సన్నం చేసింది. "నా మొకం మీదికే కెమెరా వెట్టిండ్రు బిడ్డా. నన్నే అడిగింది ఆ పిల్ల, ఎట్ల వండుతవని."

"నిజంగా? ఏం జెప్పినవ్?"

"పుంటికూరల నువ్వుల పొడి ఎయ్యాలె అన్న. ఉండు, కూర మాడుతది."

మూడుంబావుకు జనం పోయారు. దేవమ్మ తనకు పళ్లెంలో వడ్డించుకుని మూత పెట్టింది. పది నిమిషాలు నడుం వాల్చి తిందామనుకుంది. బియ్యం బస్తాల పక్కన గోనె పరుచుకుని, గోడవైపు తిరిగి పడుకుంది.

నాలుగున్నరకు కాశీవిశ్వనాథం సాయంత్రానికి ఏం వండాలో చెప్పడానికి వచ్చాడు. రెండుసార్లు పిలిచాడు. చెయ్యి తాకి చూశాడు. తరవాత సందులోకి పరుగెత్తి, ఆటో కోసం అరిచాడు.

ఆసుపత్రిలో డాక్టరు చూసి, ప్రాణం పోయి గంట దాటిందన్నాడు. కౌంటర్ దగ్గర కాగితం నింపేవాడు పేరు అడిగాడు, వయసు అడిగాడు. చిరునామా విని తలెత్తాడు.

"ఫిల్మ్‌నగర్ కోనసీమ మెస్సా? మా స్టాఫ్ అంతా అక్కడి నుంచే తెప్పించుకుంటామండీ. ఆ అమ్మ కాదు కదా?"

"కాదండి" అన్నాడు కాశీవిశ్వనాథం. నోటికి అలవాటైన మాట.

"మరి ఈమె ఏం పని?"

"గిన్నెలు తోముతుందండి."

ఫోన్ అందుకుని హిమజ అప్పుడే వచ్చి వెనక నిలబడింది. కాలేజీ సంచీ ఇంకా భుజానే ఉంది. "కాదు" అంది. "వంట జేస్తది. పంతొమ్మిదేండ్ల సంది మా అమ్మమ్మనే వండుతది. ఇయ్యాల వీడియోల గూడ చెప్పింది."

కౌంటర్‌వాడు కాశీవిశ్వనాథం వంక చూశాడు. ఆయన నేల చూశాడు.

"కూలి అని రాసేశానమ్మా" అన్నాడు కౌంటర్‌వాడు. "ఏదైనా ఒకటే. ఇక్కడ సంతకం పెట్టు."

హిమజ సంతకం పెట్టింది.

మర్నాడు పొద్దున కాశీవిశ్వనాథం మెస్ తాళం తీశాడు. వంటగది ఆమె వదిలినట్టే ఉంది. గోనె నేల మీద పరిచే ఉంది. గోడవార మూత పెట్టిన పళ్లెం కనిపించింది. వంగి మూత తీశాడు. అన్నం మెతుకులు గట్టిపడ్డాయి. గోంగూర లేదు, రొయ్యలు లేవు. అన్నం పక్కన చిన్న గిన్నెలో పచ్చిపులుసు ఉంది. షేక్‌పేట ఇళ్లలో చేసుకునేది, ఆ మెస్‌లో ఎన్నడూ వడ్డించనిది. చింతపండు గుజ్జు అడుక్కి దిగి నీళ్లు తేరుకున్నాయి, సన్నగా తరిగిన ఉల్లిముక్కలు పైన తేలుతున్నాయి.