చీకట్లో పెదవులు

జర్మన్‌లో ముత్తర్ అన్నా బుత్తర్ అన్నా పెదవులు ఒకేలా కలిసి విడిపోతాయి, తల్లికీ వెన్నకూ తేడా గొంతులోనే గాని మూతి మీద లేదు, పకార బకార మకారాలు చెవిటివాడికి ఒకే అక్షరమని బధిరుల బడిలో ముప్పై ఒక్క ఏళ్లుగా చెబుతున్న వాల్‌బుర్గా ఆ మాటే ఈ మేజరుకు మూడోసారి చెప్పింది, ఆయన నవ్వి, చెవులు పోయిన సిపాయిలకు పెదవులు చదవడం వచ్చేసిందన్న కాగితం ముందుకు జరిపాడు, కానివ్వండి పంతులమ్మగారూ, మీ సంతకమొక్కటే తక్కువ, గురువారం రైలెక్కాలి వీళ్లు, తూర్పున ఖాళీలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి, ఖాళీలట, మనిషి చచ్చిన చోటుకు ఎంత శుభ్రమైన పేరు, యుద్ధం మొదట్లో సిపాయికి పదహారు వారాలు కవాతు నేర్పి పంపేవారు, ఇప్పుడు ఆరు వారాలే, కడుపుపుండు వాళ్లందరినీ ఒక పటాలం, చెవులు పోయినవాళ్లందరినీ ఇంకో పటాలం, బంగాళాదుంపలు ఏరినట్టు ఏరారు, కడుపువాళ్లకు తెల్ల రొట్టె ఇచ్చారు, వీళ్లకు ఆరు రోజులు తనను ఇచ్చారు, పెదవులు చదవడం నేర్పమని.

ఆరో రోజు, నిన్న, గడియారాలు బాగుచేసుకునే క్రెస్సెను నిలబెట్టి, కాపలావాళ్ల సంకేతపదం అనుకోమని, గొంతు లేకుండా ముత్తర్ అంది, అతడు బుత్తర్ అన్నాడు, పక్కవాళ్లు అతని మూతి చూసి సరే సరే అని తలలూపారు, తప్పు పలక మీద రాసి చూపిస్తే గది గొల్లుమంది, పోన్లెండి పంతులమ్మా, మా అమ్మ ఉత్తరం నిండా వెన్న దొరకట్లేదన్న గోలే, రెండూ ఒకటే నాకు, అన్నాడు, అప్పుడామె తెర లాగి గది చీకటి చేసింది, సంకేతపదం అడిగింది, మళ్లీ అడిగింది, తెర తీస్తే అతడు రెండు చేతులూ గాలిలో చాచి ఉన్నాడు, ముఖంలో నవ్వు లేదు, నెమ్మదిగా అన్నాడు, రష్యావాడు ముఖానికి దీపం పట్టుకుని వస్తాడంటారా.

సంతకం పడితే క్రెస్సె రాత్రి కాపలాకు, పడకపోతే తన దుకాణానికి, ఆలోచిస్తారేంటమ్మా, వాడు కాకపోతే ఇంకోడు, మీరు పెట్టకపోతే మీకు పాఠం చెప్పడం రాలేదనుకుంటారు పైవాళ్లు, అంటున్నాడు మేజరు, అనుకోనీ, కాని వాడు కాకపోతే ఇంకోడైనప్పుడు, వాడికి వినబడినా వినబడకపోయినా ఒకటే అయినప్పుడు, ఈ ముసలి పంతులమ్మ పేరు కోసం ఇంత బతిమాలడం దేనికి, కలం తెరిచింది, మొనను చూసింది, అప్పుడు తెలిసింది, తనను పిలిచింది వాళ్లకు వినడం నేర్పడానికి కాదు, రేపు క్రెస్సె తల్లి వచ్చి కొడుకేడని అడిగితే, నేర్పించే పంపామమ్మా, ఇదిగో ఫలానా పంతులమ్మగారి సంతకం, అని చూపించడానికి, అంతే, వాల్‌బుర్గా కలానికి మూత బిగించింది.