దస్తగిరి ఓవర్ అనలేదు

దస్తగిరి మొదలుపెట్టిన మాట మా కదిరి మీద ఆగిపోయి ఉంది. బస్టాండు నుంచి రైల్వే గేటు దాకా, మేడలకన్నా ఎత్తున, బూడిద రంగులో కనిపిస్తుంది. "హైమక్కా, నీకొక మాట చెప్పాల, రోంతుండు..." అక్కడితో సరి. కాస్త ఆగమనే ఆ చివరి "రోంతుండు" మీద కాకులు వాలుతున్నాయి. హైమక్క అంటే నేనే కాబట్టి ఊరంతా నన్నే అడుగుతోంది.

దస్తగిరిది నంద్యాల. ఇద్దరం హామ్ రేడియో వాళ్లం. అంటే లైసెన్సు తీసుకుని, మేడమీద సొంతంగా యాంటెన్నా కట్టుకుని, గాలిలో కబుర్లు చెప్పుకునే పిచ్చివాళ్లం. ఏడేళ్లుగా పొద్దున లేస్తే ఆయన గొంతే. ఒక్కసారి కూడా కలవలేదు. "కలిస్తే మాటలైపోతాయక్కా" అనేవాడు. మొన్నొక పొద్దున "రోంతుండు" అన్నాడు, అంతే, గుండె ఆగిపోయిందట.

రేడియోలో ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు నోరెత్తకూడదు. చెప్పడం అయ్యాక "ఓవర్" అనాలి. అప్పుడే వంతు అవతలివాళ్లకు వస్తుంది. దస్తగిరి ఓవర్ అనలేదు. కాబట్టి వంతు ఇంకా ఆయనదే. మైకు మీద బటన్ నొక్కుతాను, దిగదు. రెండు చేతులా నొక్కుతాను, దిగదు. పోయిన మనిషికి మర్యాద ఇవ్వద్దని నేను అనను. కానీ ఆయనకు జవాబు చెప్పుకోలేక నా ప్రాణం ఉసూరుమంటోంది.

మునిసిపాలిటీ నుంచి ఒకాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మీ మాట తీయించుకోండమ్మా. అది అడ్డముండి మబ్బు ఊళ్లోకి రాలేకుండాది. పైగా పొద్దన్నే పాలు మాడిన వాసన. జనం లేసి ఎవరి పొయ్యి వాళ్లు సూసుకుంటాండారు."

"అది నా మాట కాదు సార్."

"మీ పేరుతోనే మొదలైంది గదమ్మా."

కాఫీ ఇచ్చి పంపుతాను.

ఆలోచిస్తే లెక్క తేలికే. మాట తల ఇక్కడుందంటే తోక ఇంకా పైన ఎక్కడో ఉండాలి. అంత ఎత్తుకు వెళ్లేది బెలూన్ ఒక్కటే. పెద్ద రబ్బరు బెలూన్, దాని కింద పారాచూట్, దాని కింద థర్మోకోల్ పెట్టె, పెట్టెలో తను ఎక్కడున్నదీ చెబుతుండే చిన్న ట్రాన్స్‌మిటర్. బెలూన్ పైకి పోయి, ఉబ్బి, పగులుతుంది. పెట్టె పారాచూట్ పట్టుకుని గాలి ఎటు తోస్తే అటు దిగుతుంది. మనం జీపులో వెంటపడి తెచ్చుకోవాలి. హాములు సరదాకి చేసే పనే ఇది. నాకు సరదా లేదు.

విమానాలవాళ్ల అనుమతి కోసం ఫోన్ చేస్తాను.

"అందులో ఎవరు ఎక్కుతున్నారు?" అంటాడు ఆఫీసరు.

"ఎవరూ ఎక్కరు. ఒక మాట దిగుతుంది."

"బరువెంత?"

"వినేదాకా తెలీదు సార్."

"అయితే సామాను కింద రాసుకుంటా," అని అనుమతి ఇస్తాడు.

గ్యాసు కోసం ఎక్కడా తిరగను. నేను మాట్లాడని పొద్దులన్నీ రేడియో గదిలో పైకప్పుకు ఆనుకుని ఉన్నాయి. కిటికీ తీస్తే పోతాయని తీయడమే మానేశాను. గొట్టం పెట్టి వాటినే బెలూన్‌లోకి ఎక్కిస్తాను. ఆఖరిది ఎక్కగానే ఇల్లు దభీమని నేల మీద కూర్చుంటుంది. ఇన్నాళ్లూ తేలుతూ ఉందన్నమాట. అందుకే కాబోలు పనిమనిషి మెట్లు ఎక్కువయ్యాయని సణుగుతోంది.

కాలేజీ మైదానంలో తాడు పట్టుకుని ఉన్నది ఓబులేసు. మా వీధిలో జీపు తోలుకునే మనిషి.

"ఇడిసేదా మేడమ్?"

"వదులు."

బెలూన్ నిటారుగా వెళ్లి, మాట పక్కగా దూరి, కాకుల్ని లేపి, కనిపించకుండా పోతుంది. ఫోన్‌లో మ్యాప్ తెరుస్తాను. చుక్క కదులుతోంది. చుక్క పక్కన దస్తగిరి పేరుంది.

నా తెలివి తెల్లారినట్లే ఉంది. ట్రాన్స్‌మిటర్‌లో నా పేరు పెట్టాలి. మాలో పిలిచేటప్పుడు అవతలివాళ్ల పేరు ముందు, మన పేరు తర్వాత. ఏడేళ్ల అలవాటు, చేతులు ఆయన పేరు ముందు కొట్టేశాయి. అది మొదటి పేరు తీసుకుని ఊరుకుంది. ఇప్పుడు దక్షిణాదిలో మ్యాప్ చూసే హాములందరికీ దస్తగిరి ఆకాశంలో పోతూ కనిపిస్తున్నాడు.

నంద్యాల నుంచి ఫోన్. "అక్కా, దస్తగిరి యాడికి పోతాండాడు?"

"పైకి."

"మళ్లా ఎప్పుడొస్తాడు?"

"పగిలినాక."

"సరేక్కా. వస్తే మేమూ అడిగినామని చెప్పు."

జీపు ముదిగుబ్బ దారి పడుతుంది. దారిలో మైలురాళ్లు దూరం చెప్పడం మానేశాయి. అన్నిటి మీదా "నంద్యాల, అటే" అని మాత్రమే ఉంది. ఓబులేసు ఇవేవీ పట్టించుకోడు. అతని బాధ వేరు.

"పోయినాయన ఎంటబడి పట్టుకునేది మంచిది కాదు మేడమ్."

"పట్టుకోవడానికి కాదు. నా వంతు అడగడానికి."

"అడిగితే తప్పు లేదులే," అని గేరు మారుస్తాడు.

చుక్క ఆగి, వణికి, దిగడం మొదలుపెడుతుంది. పగిలిందన్నమాట. ఆయన నాకు ఇంత దగ్గరగా రావడం ఇదే మొదటిసారి.

పెట్టె ఒక చెనక్కాయ చేలో దిగి ఉంది. కలుపు తీసే ఆడవాళ్లు కొంగులు కప్పుకుని దాని చుట్టూ కూర్చున్నారు. అందరిలోకీ పెద్దామె నన్ను ఎగాదిగా చూస్తుంది.

"హైమక్క అంటే నువ్వేనా? మేమడిగితే చెప్పలే. రోంతుండు, రోంతుండు అంటాంది."

మోకాళ్ల మీద కూర్చుని మూత తీస్తాను. వేడి ఆవిరి మొహానికి కొడుతుంది. లోపల దస్తగిరి గొంతు, ఎప్పటిలాగే తొందరగా:

"...పాలు పొంగుతాండాయి. దించొచ్చి చెప్తా. ఓవర్."

అంతే.

చెప్పాలనుకున్న మాట అది కాదు. ఆ మాట చెప్పడానికే పాలు దించి రావాలనుకున్నాడు. ఒరి నాయనా, పాలు పోతే పోయాయి, నువ్వు చెప్పు దస్తగిరీ అని అడ్డుపడి ఉండాల్సింది. అడ్డుపడటానికి వంతు నాది కాదాయె.

ఇప్పుడు నాదే. జేబులోంచి వైర్‌లెస్ సెట్ తీస్తాను. బటన్ వెన్నముద్దలా దిగుతుంది.

"చెప్పండి మేడమ్," అంటాడు ఓబులేసు. "చెప్పి, ఓవర్ అనేయండి. ఇంటికి పోదాం."

ఓవర్ అంటే వంతు ఆయనకు పోతుంది. అప్పుడు ఆ మాట ఆయన చెప్పాలి. చెప్పడానికి ఆయన లేడు. అవతల ఉత్త గరగర వినిపిస్తుంది, దాన్నే జవాబు అనుకుని నేను బతకాలి. అది నా వల్ల కాదు. నేను ఓవర్ అనను.

ఆయన పేరు పిలిచి, నా పేరు చెప్పి, మొదలుపెడతాను. వింటున్నానని చెబుతాను. కాకుల సంగతి, మునిసిపాలిటీ ఆయన సంగతి, ఇల్లు నేలకు దిగిన సంగతి చెబుతాను. నువ్వు లేక పొద్దు పోవడం లేదని కూడా చెబుతాను, సిగ్గుపడకుండా.

నంద్యాల వైపు ఆకాశం అంచు తెల్లబడుతోంది. తెలుపు నురగతో లేచి, కొండలు దాటి, చేలలోకి దిగుతోంది. గోరువెచ్చగా ఉంది. మాడు వాసన లేదు. ఆడవాళ్లు కూజాలు ముంచుకుంటున్నారు. ఓబులేసు జీపు టాపు ఎక్కాడు. పాలు నా నడుముకు వస్తున్నాయి, భుజాలకు వస్తున్నాయి. పైన మీగడ కట్టింది. కలుపు తీసేవాళ్లు దాని మీద నడుచుకుంటూ ఇళ్లకు పోతున్నారు.

నా కాళ్లు నేలను వదిలాయి. పొంగుతో పాటు నేనూ లేస్తున్నాను, పెట్టె చంకన పెట్టుకుని, బటన్ మీద బొటనవేలు తీయకుండా. కింద ఓబులేసు, నేను జీపులో వదిలిన ఫోన్ ఎత్తి చూపిస్తున్నాడు. మ్యాప్‌లో చుక్క ఒక్కటే, పైకి కదులుతోంది. దాని పక్కన ముందు ఆయన పేరు, తర్వాత నాది.